హైటెరా పీడీ785: సెట్ గట్టిదే, కంపెనీ సంగతే కాస్త చూసుకోవాలి

ఈ వాకీటాకీని నడుముకి తగిలించుకుని తిరగడం మొదలుపెట్టి నాలుగేళ్లు దాటింది, ఇక రాయొచ్చు. పీటీటీ బటన్ (మాట్లాడటానికి నొక్కి పట్టుకునేది) పెద్దది, గ్లౌజులు వేసుకున్నా తడుముకోకుండా దొరుకుతుంది. పైనున్న ఛానల్ నాబ్ బిగువుగా తిరుగుతుంది, దానంతటదే మారిపోయే రకం కాదు. ఐపీ67 (అంటే దుమ్ము, నీళ్లు లోపలికి పోవు) అన్నారు, అన్నట్టే వానలో నానింది, ఒకసారి బురదనీళ్ల బకెట్లో పడింది, తుడుచుకుని మాట్లాడేశాం. జనరేటర్ పక్కన నిలబడి మాట్లాడినా అవతలివాళ్లకి నా గొంతే వినిపిస్తుంది. సెట్‌కి ఐదుకి నాలుగున్నర ఇస్తా.

ఒక్కటి మాత్రం అలవాటు కావాలి. డిజిటల్‌లో బటన్ నొక్కాక బీప్ వచ్చేదాకా ఆగాలి, ఏ కంపెనీ సెట్ అయినా అంతే. నేను పాత అనలాగ్ అలవాటుతో నొక్కీ నొక్కగానే "ఆపు" అంటే క్రేన్ దగ్గరున్న కుర్రాడికి "పు" అని వినబడింది. "ఏంటన్నా?" అంటున్నాడు, లోడు దిగుతూనే ఉంది. ఆ రోజు నుంచి నాకు బీప్ అంటే భక్తి.

ఫోన్ అయితే రెండేళ్లకి మార్చేస్తాం. ఇవి అలా కాదు, రిపీటర్లు (సిగ్నల్‌ని అందుకుని ఇంకా దూరం పంపే పెట్టెలు), ఛార్జర్లు, సాఫ్ట్‌వేర్ అన్నీ కలిపి ఒకసారి కొంటే పదేళ్ల కాపురం, అందుకే కంపెనీ పుట్టుపూర్వోత్తరాలు కూడా చూడాలి. నేను కొన్నాక చదివాను! 1993లో చైనాలోని షెంజెన్‌లో మొదలైంది, అప్పట్లో పేరు హెచ్‌వైటీ. తర్వాత జర్మనీలో రోడే అండ్ ష్వార్జ్ వాళ్ల టెట్రా (పోలీసుల్లాంటి వాళ్లు వాడే డిజిటల్ రేడియో పద్ధతి) వ్యాపారం కొన్నారు, 2017లో బ్రిటన్‌లో పోలీసులకు సెట్లు సప్లై చేసే సెపురాని, కెనడాలో శాటిలైట్ పరికరాలు చేసే నోర్‌శాట్‌ని కొన్నారు. భలే దూకుడు అనుకునేలోపే అదే ఏడాది మోటరోలా కేసు వేసింది, మా దగ్గర మానేసిన ఇంజనీర్లు మా సాఫ్ట్‌వేర్ కోడ్ పట్టుకెళ్లి మీకిచ్చారని. 2020లో షికాగో జ్యూరీ 76 కోట్ల డాలర్లకు పైగా కట్టమంది (తర్వాత కోర్టు కొంత తగ్గించింది). 2021లో అమెరికాలో టెలికాం వ్యవహారాలు చూసే ఎఫ్‌సీసీ, దేశ భద్రతకు ముప్పు అన్న జాబితాలో ఈ పేరు చేర్చింది, 2022లో సెపురాని అమ్ముకున్నారు. 2024 ఏప్రిల్‌లో అయితే షికాగో జడ్జి ప్రపంచమంతటా రేడియోల అమ్మకాలే ఆపేయమన్నారు, పై కోర్టు స్టే ఇచ్చేదాకా కొన్ని రోజులు అదే పరిస్థితి. చివరికి 2025 జనవరిలో ఈ వ్యాపార రహస్యాల దొంగతనం కేసులో కంపెనీయే నేరం ఒప్పుకుంది. అమ్మకాలు ఆగిన ఆ 2024 ఏప్రిల్‌లో నాకు ఒకటే టెన్షన్, రేపు బ్యాటరీ పోతే ఎక్కడ దొరుకుతుందని.

కాస్త ఊరట ఏంటంటే ఇవి డీఎంఆర్ (డిజిటల్ మొబైల్ రేడియో) సెట్లు. యూరప్‌లో టెలికాం ప్రమాణాలు రాసే ఎట్సీ సంస్థ 2005లో తెచ్చిన, ఏ కంపెనీ అయినా వాడుకోగల ఓపెన్ స్టాండర్డ్ అది, 12.5 కిలోహెర్ట్జ్ ఛానల్‌ని రెండు టైమ్ స్లాట్లు చేసి ఒకేసారి రెండు సంభాషణలు నడిపిస్తుంది. కాబట్టి వేరే కంపెనీ డీఎంఆర్ సెట్ పక్కన పెట్టినా మామూలు గ్రూప్ కాల్ కలుస్తుంది, ఎన్‌క్రిప్షన్ (బయటివాళ్లకి అర్థం కాకుండా మాటల్ని మార్చి పంపడం) లాంటి అదనపు ఫీచర్ల దగ్గరే ఎవరి దారి వాళ్లది. నేనిప్పుడు ఆ ఫీచర్లు వాడటం మానేశా.

ఇంకో మాట, డీలర్ గురించి. పేరు చెప్పను గానీ, మా డీలర్ ప్రోగ్రామింగ్ ఫైల్‌కి (సెట్‌లోని ఛానళ్లు, సెట్టింగులన్నీ ఉండేది, కోడ్‌ప్లగ్ అంటారు) పాస్‌వర్డ్ పెట్టుకుని కూర్చున్నాడు, ఒక్క ఛానల్ మార్చాలన్నా ఆయన మనిషి రావాలి, ఆ మనిషికి విడిగా చార్జీ. మీరు ఏ బ్రాండ్ కొన్నా ఆ కోడ్‌ప్లగ్ ఫైలు, పాస్‌వర్డుతో సహా, పెన్‌డ్రైవ్‌లో చేతికొచ్చాకే చివరి చెక్కు ఇవ్వండి.