పండించుకు తినే మఠమా, భిక్షకు వెళ్లే మఠమా: ఏది మేలు?

సన్యాసుల మఠాల మాట వస్తే మనవాళ్లు ముందుగా ధ్యానం గురించో బ్రహ్మచర్యం గురించో అడుగుతారు. నేనైతే అక్కడ భోజనం ఎక్కడి నుంచి వస్తుందని అడుగుతాను. అది తెలిస్తే రోజు ఎలా గడుస్తుందో, చుట్టుపక్కల ఊళ్లతో మఠానికి ఎలాంటి సంబంధం ఉందో సగం తెలిసిపోతుంది. ఈ విషయంలో ఒకదానికొకటి పూర్తిగా ఎదురుగా నిలిచేవి రెండు: ఐరోపాలో పుట్టిన బెనెడిక్టైన్ క్రైస్తవ మఠాలు, థాయ్‌లాండ్, మయన్మార్, శ్రీలంకల్లోని థేరవాద అనే పాత శాఖకు చెందిన బౌద్ధ విహారాలు.

ఆరో శతాబ్దంలో ఇటలీలోని మోంటే కసీనో కొండ మీద మఠం కట్టిన బెనెడిక్ట్, 73 అధ్యాయాల నియమావళి రాశాడు. సోమరితనం ఆత్మకు శత్రువని, సొంత రెక్కల కష్టంతో బతికేవాళ్లే అసలైన సన్యాసులని అందులో ఉంది. నీళ్లు, పిండిమర, తోట అన్నీ ప్రహరీ లోపలే ఉండాలి, సన్యాసికి బయట తిరిగే అవసరం రాకూడదు. రోజుకు ఒక పౌండు రొట్టె, వండిన వంటకాలు రెండు. వంటా వడ్డనా వంతులవారీగా చేస్తారు. తింటున్నంతసేపూ ఒకరు పుస్తకం చదువుతుంటే మిగతావాళ్లు నోరు మెదపకుండా వింటారు, ఏదైనా కావాలంటే సైగ చేస్తారు. మఠంలో తయారైన సరుకును బయటి ధర కంటే కాస్త తక్కువకే అమ్మాలన్న నియమం నాకు మరీ ఇష్టం. ఆశ ఎక్కడ మొదలవుతుందో ఆయనకు బాగా తెలుసు. ఈ పద్ధతి మనకు దగ్గర్లోనే చూడాలంటే కేరళలోని కురిసుమల ఆశ్రమం ఉంది. 1958లో మొదలైన ఆ ఆశ్రమంలో సన్యాసులు కాషాయం కట్టి పాడి నడుపుతారు.

థేరవాద భిక్షువుకు ఇదంతా కుదరదు. అతనికున్న 227 నియమాల ప్రకారం నేల తవ్వకూడదు, మొక్క తుంచకూడదు, డబ్బు ముట్టకూడదు. ఎవరైనా చేతికి అందించిందే తినాలి. మధ్యాహ్నం దాటితే తినకూడదు. మిగిలింది రేపటికి దాచకూడదు. విడివిడిగా చూస్తే ఇవి చాదస్తంగా అనిపించవచ్చు. కలిపి చూస్తే మాత్రం, భిక్షువు రోజూ ఊళ్లోకి వెళ్లక తప్పని ఏర్పాటు కనిపిస్తుంది. తెల్లవారుతుండగానే పెద్దవాళ్లు ముందు, చిన్నవాళ్లు వెనక వరసగా, వట్టి కాళ్లతో బయల్దేరతారు. ఎవరినీ ఏమీ అడగరు. గుమ్మంలో ఉన్నావిడ చెప్పులు విప్పి, వేడి అన్నం పాత్రలో వేసి దండం పెడుతుంది. పుణ్యం దక్కింది ఇచ్చినావిడకే కాబట్టి భిక్షువు కృతజ్ఞతలు చెప్పడు. మధూకరం ఎత్తి, వారాలు చేసుకుని చదువుకున్న పెద్దల కథలు విన్న మనకు ఈ బంధం కొత్తగా ఏమీ ఉండదు.

ఈ బంధానికి బలం ఎంతో 2007 సెప్టెంబర్‌లో మయన్మార్ చూసింది. పకొక్కు పట్నంలో భిక్షువులను సైనికులు కొట్టారు. క్షమాపణ రాకపోయేసరికి భిక్షువులు సైనిక పాలకుల భిక్షను తిరస్కరించి, పాత్రలు బోర్లించి వీధుల్లో నడిచారు. దానం పుచ్చుకునేవాడు కాదంటే ఇచ్చేవాడికి పుణ్యం దక్కే దారే మూసుకుపోతుంది. తన రొట్టె తానే పండించుకునే మఠానికి ఈ ఆయుధం లేదు.

అలాగని భిక్షే అన్నిచోట్లా నడుస్తుందని కాదు. చైనాలో చాన్ (జపాన్‌లో జెన్ అంటారు) బౌద్ధులు పొలం పనిలోకి దిగారు. వాళ్ల గురువు బైజాంగ్ ముసలివాడయ్యాక పని మానిపించాలని శిష్యులు ఆయన పనిముట్లు దాచేస్తే, పని లేని రోజు తిండి కూడా వద్దని ఆయన పస్తున్నాడని చెబుతారు. మరి భిక్ష ఎత్తేవాడు సోమరి అవుతాడా? ఆ ప్రమాదం లేకపోలేదు. ఇప్పుడు థాయ్ నగరాల్లో డబ్బు ముట్టుకునే భిక్షువులు కూడా చాలామందే.

కానీ చరిత్రలో మఠాలను ఎక్కువగా దెబ్బతీసింది పోగుపడ్డ ఆస్తే అని నాకనిపిస్తుంది. కష్టపడి సంపాదించిన ఇంగ్లండ్ మఠాలకు దానాలు తోడై భూములు పెరిగాయి. 1536 నుంచి 1540 లోపు ఎనిమిదో హెన్రీ వాటన్నిటినీ మూయించి ఆస్తులు లాక్కున్నాడు. మన నాగార్జునకొండలో జరిగింది మరో రకం. మూడు, నాలుగు శతాబ్దాల్లో అక్కడి విహారాలను ఇక్ష్వాకు రాణివాసపు స్త్రీలు పోషించారు. ఇక్ష్వాకు రాజు వీరపురుషదత్తుడి మేనత్త చాంతిసిరి మహాచైత్యానికి చేసిన దానం శాసనాల్లో ఉంది. ఆ వంశం పోయాక విహారాల వైభవం కూడా ఎంతోకాలం నిలవలేదు. ఒక్క రాజకుటుంబం పెట్టే తిండికీ, వంద ఇళ్ల నుంచి గరిటెడు చొప్పున వచ్చే తిండికీ చాలా తేడా ఉంది. వంద ఇళ్లూ ఒకేసారి తలుపులు మూసుకోవు. భిక్షువు దారి తప్పితే మాత్రం మర్నాడు పొద్దున్నే పాత్ర తేలికైపోతుంది.

అందుకే నా మొగ్గు భిక్ష వైపే. పైగా థాయ్‌లాండ్‌లో ఒక్క వర్షాకాలం చీవరం (భిక్షువు వస్త్రం) కట్టి, మళ్లీ ఇంటికొచ్చి ఉద్యోగం చేసుకున్నా ఎవరూ తప్పుపట్టరు. బెనెడిక్టైన్ మఠంలో చివరి ప్రమాణం జీవితాంతానికి, అదీ ఆ ఒక్క మఠానికే.

అయితే అడిగేది స్త్రీ అయితే నా జవాబు మారుతుంది. స్త్రీలకు దీక్ష ఇవ్వకూడదని 1928లో థాయ్ భిక్షు సంఘం ఆజ్ఞ పెట్టింది. అక్కడ తెల్లబట్టలు కట్టే మేచీలనే సన్యాసినులకు భిక్షువుల హోదా లేదు, చాలా విహారాల్లో వంటపని వాళ్లదే. శ్రీలంకలో 1998 నుంచి భిక్షుణులు మళ్లీ కనిపిస్తున్నా, వాళ్లకు పూర్తి గుర్తింపు కోసం పోరాటం నడుస్తూనే ఉంది. బెనెడిక్టైన్ సన్యాసినులు మాత్రం శతాబ్దాలుగా అదే నియమావళి కింద, తమలో నుంచే ఎన్నుకున్న మఠాధిపతురాలితో, తమ మఠాలు తామే నడుపుకుంటున్నారు.