స్ట్రాస్‌బర్గ్ నుంచి కేల్‌కు డి లైను ట్రామ్: రైన్ నదిని దాటించే ఒక సేవ గురించి

ఫ్రాన్స్‌లోని స్ట్రాస్‌బర్గ్‌లో డి లైను ట్రామ్ ఎక్కి జర్మనీలోని కేల్ పట్టణంలో దిగడానికి ప్రత్యేకమైన టికెట్టేమీ అక్కరలేదు; నగరంలో ఒక పేట నుంచి మరో పేటకు వెళ్లడానికి కొనే మామూలు టికెట్టే సరిపోతుంది. బళ్లు శుభ్రంగా ఉంటాయి. మెట్లు లేనందున పిల్లల బండి తోసుకొచ్చేవారు కూడా సులువుగా ఎక్కగలుగుతారు. అయితే ఈ సేవ అసలు విలువ తెలియాలంటే అది దాటే రైన్ నది, అంటే రెండు దేశాల సరిహద్దు, చరిత్ర తెలియాలి.

స్ట్రాస్‌బర్గ్ ఉన్న ఆల్సస్ ప్రాంతం 1871కీ 1945కీ మధ్య ఫ్రాన్స్, జర్మనీల నడుమ నాలుగుసార్లు చేతులు మారింది. ఇల్లు కదలకుండానే ఒక్క జీవితకాలంలో పలుమార్లు దేశం మారినవారు ఇక్కడ ఎందరో ఉండేవారు. ఆ రెండు దేశాల పగను ఆపడానికి 1950 మే 9న ఫ్రాన్స్ విదేశాంగ మంత్రి రాబర్ట్ షూమాన్ రెండు దేశాల బొగ్గు, ఉక్కు ఉత్పత్తిని ఒకే ఉమ్మడి అధికారం కిందకు తేవాలని ప్రతిపాదించారు. ఆయుధాలకు కావలసిన ముడిసరుకు ఉమ్మడి సొత్తయితే ఒకరికి తెలియకుండా మరొకరు యుద్ధానికి సిద్ధం కాలేరన్నది అందులోని ఆలోచన. ఆ ఐక్యత దారిలోనే 1995లో షెంగెన్ ఒప్పందం అమలై సరిహద్దు తనిఖీలు తొలగాయి, 2002లో యూరో నోట్లు, నాణేలు చేతికొచ్చాయి, 2017లో ఈ ట్రామ్ నది దాటింది.

వంతెన మీదికి ట్రామ్ ఎక్కినప్పుడు నా ఎదుట కూర్చున్న పెద్దావిడ ఒళ్లో మడతపెట్టిన ఖాళీ సంచి ఉంది. ఆవిడ నదివైపు కన్నెత్తి కూడా చూడలేదు. సరుకులకు పక్క వీధికి వెళ్లినంత మామూలుగా ఆవిడ మరో దేశానికి వెళ్తున్నారు. పొరుగు దేశాల ఐక్యతకు ఇంతకంటే గట్టి వాదన నాకు కనిపించలేదు.

లోపాలూ ఉన్నాయి. సిగరెట్లపై పన్ను ఫ్రాన్స్‌లో ఎక్కువ, జర్మనీలో తక్కువ కావడంతో కేల్‌లో పొగాకు దుకాణాలు బారులు తీరాయి; సంత ఒకటై పన్నులు వేరుగా ఉంటే జరిగేది ఇదే. 2020 వసంతంలో కోవిడ్ వల్ల సరిహద్దు మూతపడినప్పుడు ట్రామ్ నదికి ఇవతలే ఆగిపోయింది, రెండు ఒడ్డులా బంధువులున్న కుటుంబాలు విడిపోయాయి. 2024 సెప్టెంబరు నుంచి జర్మనీ మళ్లీ తనిఖీలు పెట్టింది. వ్యాపారంలో ఒకటైన దేశాలు ఇలాంటి నిర్ణయాలను ఎవరికి వారే తీసుకుంటున్నంతకాలం ఈ సేవకు పూర్తి భరోసా ఉండదు. అందుకే ఆర్థిక ఐక్యతకు రాజకీయ ఐక్యత కూడా తోడవ్వాలని నేను గట్టిగా కోరుకుంటున్నాను.

వెళ్లేవారు పాస్‌పోర్టు వెంట ఉంచుకోవాలి. కేల్ స్టేషను దగ్గర దిగకుండా చివరి స్టాపైన రాట్‌హౌస్ (పురపాలక భవనం) వరకు వెళ్తే నేరుగా ఊరి నడిబొడ్డుకు చేరుకుంటారు.