సూక్ష్మ ఉద్యమ్ సురక్షా, షాప్‌కీపర్స్ ప్యాకేజీ: చిన్న దుకాణానికి ఏది తగును?

2024 సెప్టెంబరు ఆరంభంలో బుడమేరు పొంగి విజయవాడ సింగ్‌నగర్ నీట మునిగినప్పుడు బీమా ఉన్నదా అన్న ప్రశ్నతో పాటు, ఏ బీమా, ఎంతకు అన్న ప్రశ్నలూ ముందుకు వచ్చాయి.

2021 ఏప్రిల్ 1న అమల్లోకి వచ్చిన భారత్ సూక్ష్మ ఉద్యమ్ సురక్షా అనే బీమా పాలసీ, ఒకే చోట ఉన్న ఆస్తి విలువ 5 కోట్ల రూపాయలు దాటని వ్యాపారాలకు అగ్నిప్రమాదం, తుఫాను, వరద, అల్లర్ల వల్ల కలిగే నష్టాన్ని భరిస్తుంది. రాయించిన బీమా సొమ్ము సరుకు విలువకన్నా 15 శాతం వరకు తగ్గినా పరిహారంలో ఆ పేరిట కోత ఉండదు. అంతకు మించి తగ్గితే మాత్రం, ప్రీమియం కలిసొస్తుందని 20 లక్షల సరుకును 10 లక్షలకే రాయించిన వర్తకునికి బీమా సగానికే ఉన్నందున 4 లక్షల నష్టంలో దక్కేది 2 లక్షలే. అందులోనూ పాలసీ మినహాయింపు, అంటే క్లెయిములో వర్తకుడే భరించాల్సిన భాగం, పోతుంది. అయితే మామూలు దొంగతనం దీని పరిధిలోకి రాదు. బీమా వర్తించే ప్రమాదం జరిగిన 7 రోజుల్లోపు ఆ ప్రమాదం కారణంగా జరిగిన చోరీకే వర్తిస్తుంది.

దుకాణదారుల కోసం పలు బీమాలను కలిపి ఇచ్చే షాప్‌కీపర్స్ ప్యాకేజీలో అగ్నిప్రమాదంతో పాటు దొంగతనం, గల్లాపెట్టెలోని నగదు, అద్దాలు, ఉద్యోగుల మోసం వంటివి విభాగాలుగా దొరుకుతాయి గాని, షరతులు కంపెనీని బట్టి మారతాయి. తలుపో తాళమో పగలగొట్టిన ఆనవాలు లేకపోతే చోరీ క్లెయిము సాధారణంగా నిలవదు.

గోదాములో బియ్యం బస్తాలు నిల్వచేసేవారికి మొదటిదే మేలు. సెల్‌ఫోన్ల దుకాణానికి మాత్రం రెండవదాన్నే ఎంచుకోవాలి.