విండోస్ 11 నుంచి 10కి: తిరుపతిలో ఒక చిన్న దుకాణం చేసిన పని

పాత విండోస్‌కు తిరిగి వెళ్లాలనుకుంటున్న డీటీపీ (కంప్యూటర్‌లో పేజీలు కంపోజ్ చేసే పని) వాళ్లకు తిరుపతి లీలామహల్ సర్కిల్ దగ్గరున్న ఒక చిన్న సర్వీస్ దుకాణాన్ని గట్టిగా సిఫారసు చేస్తున్నాను. బోర్డు మీద ‘కంప్యూటర్ సర్వీస్’ అని తప్ప మరో పేరు కనిపించదు. కింద జిరాక్స్ షాపు, దాని పక్కనుంచి మెట్లు.

నేను చిత్తూరులో ఇంటి దగ్గరే పెళ్లిపత్రికలు, స్కూళ్లకు ప్రశ్నపత్రాలు కంపోజ్ చేస్తాను. పేజీలు కట్టే పేజ్‌మేకర్ 7, తెలుగు టైపుకు అను ఫాంట్లు, అంతే నా ప్రపంచం. లాప్‌టాప్‌లో ఉన్నది ఎనిమిదో తరం ఐ5 ప్రాసెసర్, 4 జీబీ ర్యామ్, తిరిగే హార్డ్ డిస్క్. విండోస్ 11 అడిగే కనీస అర్హతలు కూడా దాదాపు ఇవే కాబట్టి అప్‌గ్రేడ్ ఏ అడ్డూ లేకుండా అయిపోయింది. పని మాత్రం కుంటుపడింది. ప్రశ్నపత్రం తెరిచి పక్కన బ్రౌజర్ తెరిస్తే చాలు, కీ నొక్కాక అక్షరం కోసం ఎదురుచూడాలి. టాస్క్‌బార్‌ను ఎడమ అంచున పెట్టుకోవడం నా అలవాటు. నిలువు పేజీలు కట్టేవాళ్లకు తెర ఎత్తులో దక్కే ఆ కాస్త జాగా ఎంత ముఖ్యమో తెలుసు. నాకు వచ్చిన పదకొండులో దాన్ని కింది నుంచి కదిపే వీలే లేదు.

అప్‌గ్రేడ్ అయిన పది రోజుల్లోపు అయితే సెట్టింగ్స్‌లో సిస్టమ్, రికవరీలోకి వెళ్లి ‘గో బ్యాక్’ నొక్కితే పాతది తిరిగి వస్తుంది. ఆ గడువు దాటితే పాత ఫైళ్లు దాచిన ‘విండోస్.ఓల్డ్’ ఫోల్డరును సిస్టమే తీసేస్తుంది. ఇక మొదటినుంచి ఇన్‌స్టాల్ చేసుకోవడమే దారి. మా ఊళ్లో అడిగిన చోట ‘సాయంత్రానికి ఫార్మాట్ కొట్టి ఇస్తాం’ అన్నారు. లోపల ఏముందో ఒక్క ప్రశ్న కూడా వేయలేదు. అందుకే తిరుపతి బస్సెక్కాను.

ఇక్కడి కుర్రవాడు లాప్‌టాప్ తెరవకముందే అడిగిన మాట: “అక్కా, దీంతో ఏం పని చేస్తారు?” చెప్పగానే రెండో ప్రశ్న: “ఫాంట్లు, అను ఇన్‌స్టాలర్ వేరేగా ఎక్కడైనా ఉన్నాయా?” ఈ ప్రశ్న విలువ డీటీపీ చేసేవాళ్లకే అర్థమవుతుంది. అను ఫాంట్లు యూనికోడ్ కావు, అంటే తెలుగు అక్షరాలకు అన్ని కంప్యూటర్లలో చెల్లే కోడ్ వాటిలో ఉండదు. ఫైలులో నిజంగా ఉండేది ఇంగ్లిషు అక్షరాల, గుర్తుల కోడే. దానికి తెలుగు రూపం ఇచ్చేది ఫాంటే. ఫాంటు పోతే ఎన్నో ఏళ్ల పత్రికలన్నీ అర్థంకాని గీతలుగా మిగులుతాయి. డెస్క్‌టాప్, డాక్యుమెంట్స్ మాత్రమే కాపీ చేసి బ్యాకప్ అయిపోయిందనేవాళ్లే ఎక్కువ. ఇతను విండోస్ లోపలి ఫాంట్స్ ఫోల్డరు, నా సీడీలోని ఇన్‌స్టాలర్, సీ డ్రైవ్‌లో ఎక్కడెక్కడో పడి ఉన్న పేజ్‌మేకర్ ఫైళ్లు అన్నీ వెతికి బయటి డ్రైవ్‌లోకి తీశాడు. రెండు ఫైళ్లు వేరే సిస్టంలో తెరిచి, ఒత్తులు, గుణింతాలు సరిగా ఉన్నాయో లేదో నన్నే చూడమన్నాడు. డ్రైవ్ ఎన్‌క్రిప్షన్ (డిస్కులోని సమాచారానికి వేసే తాళం) ఆన్‌లో ఉందేమో చూశాడు. వైఫైని పనిచేయించే డ్రైవర్ సాఫ్ట్‌వేర్‌ను ముందే పెన్‌డ్రైవ్‌లో వేసుకున్నాడు. కొత్త లైసెన్సుకు నా దగ్గర డబ్బు అడగలేదు. ఈ లాప్‌టాప్‌లో మొదట ఉన్నది విండోస్ 10 హోమే, మళ్లీ అదే రకం వేసి నెట్ కలపగానే దానంతటదే యాక్టివేట్ అయింది.

నాకు అంతకన్నా నచ్చింది, పని మొదలుపెట్టకముందే నష్టం కూడా చెప్పడం. విండోస్ 10కి ఉచిత భద్రతా అప్‌డేట్లు 2025 అక్టోబరు 14తో ఆగిపోయాయని, నమోదు చేసుకుంటే 2026 అక్టోబరు 13 వరకు వస్తాయని, దానికి మైక్రోసాఫ్ట్ ఖాతా కావాలని వివరించాడు. నమోదు కూడా తనే చేసి చూపించాడు. ఈ లాప్‌టాప్‌లో బ్యాంకు పనులు పెట్టుకోవద్దన్నాడు. అసలు జబ్బు హార్డ్ డిస్క్‌దని, ఎస్ఎస్‌డీ (తిరిగే భాగాలు లేని వేగమైన డిస్క్), మరో 4 జీబీ ర్యామ్ వేస్తే పదకొండులోనే ఉండిపోవచ్చని కూడా చెప్పాడు. తన చేతికొచ్చిన పని తప్పిపోయినా పర్వాలేదనుకుని నిజం చెప్పేవాళ్లు ఎంతమంది? నాకు టాస్క్‌బార్ పట్టింపు ఉంది కాబట్టి పదికే వెళ్లాను, ఎస్ఎస్‌డీ మాత్రం వేయించాను. ఇప్పుడు పేజ్‌మేకర్ నొక్కీ నొక్కగానే తెరుచుకుంటోంది.

లోపాలూ ఉన్నాయి. సాయంత్రానికి ఇస్తానన్నది మరునాడు మధ్యాహ్నం చేతికొచ్చింది. పొరుగూరి నుంచి వచ్చేవాళ్లకు ఇది చిన్న ఇబ్బంది కాదు. ఎస్ఎస్‌డీకి వారంటీ కాగితం ఇచ్చాడు గానీ చేసిన పనికి బిల్లు అడిగితే చీటీ మీద రాసిచ్చాడు. వ్యాపారం చేసే మనిషి పద్ధతిగా బిల్లు ఇవ్వాలి, ఆ మాట ముఖం మీదే చెప్పాను. మెట్లు నిటారుగా ఉన్నాయి, మోకాళ్ల నొప్పులున్నవాళ్లు కింద జిరాక్స్ షాపులో చెబితే అతనే దిగి వస్తాడు. వెళ్లేటప్పుడు ఛార్జర్, ఫాంట్ల సీడీ, మైక్రోసాఫ్ట్ ఖాతా పాస్‌వర్డ్ తీసుకెళ్లండి. ఈ మూడూ ఉంటే పని అక్కడితో ఆగదు.