లాకింగ్ స్క్యూవర్లు: మహబూబ్‌నగర్ స్టేషన్ దగ్గర సైకిల్ నిలిపే వారి కోసం ఒక సమీక్ష

గేరు సైకిల్ చక్రాన్ని పానా లేకుండా చేత్తోనే ఊడదీసే క్విక్ రిలీజ్ మీటను 1930ల్లో ఇటలీకి చెందిన తుల్లియో కంపాన్యోలో సైకిల్ పందేల కోసం తీసుకువచ్చారు. పందెంలో అది ఎంత అక్కరకొచ్చినా, పొద్దున్నే మహబూబ్‌నగర్ స్టేషన్ దగ్గర సైకిల్ నిలిపి కాచిగూడ రైలెక్కి రాత్రికి గాని తిరిగిరాని మాబోటి వాళ్లకు మాత్రం ఆ మీటే పెద్ద బెంగ. ఫ్రేముకు ఎంత గట్టి గొలుసు వేసినా చక్రాలు దొంగ చేతికి అందుతూనే ఉంటాయి. అందుకే ఆ మీట స్థానంలో బిగించే లాకింగ్ స్క్యూవర్ల జతను సుమారు 1,500 రూపాయలకు ఆన్‌లైన్‌లో తెప్పించుకొని, ఎండాకాలమూ వానాకాలమూ వాడి చూసిన మీదట ఈ సమీక్ష రాస్తున్నాను.

స్క్యూవర్ అంటే చక్రం నడిమి భాగమైన హబ్‌లోని బోలు ఇరుసు గుండా దూరే 5 మిల్లీమీటర్ల సన్నని కడ్డీ. మామూలుగా దానికి ఒక కొసన మీట, రెండో కొసన నట్టు ఉంటాయి. నేను కొన్నదానికి మీట బదులు ఐదు మూలల గుంట ఉన్న తల ఉంది. అలెన్ కీలు ఆరు మూలలవి కనుక ఇందులో దిగవు. జతతో వచ్చిన చెవి ఒక్కటే దీన్ని తిప్పగలదు. చేత్తో లాగి చూసి పోయే దొంగను ఆపడానికి ఇది చాలు.

అయితే తల ఆకారం నాకు నచ్చలేదు. గుంట ఎంత ప్రత్యేకమైనదైనా, తల బయటి అంచు నిటారుగా ఉండటంతో పెద్ద కటింగ్ ప్లయర్ పళ్లకు పట్టు చిక్కుతుంది. ఇంతకంటే ఖరీదైన కొన్ని రకాల్లో తల చుట్టూ వదులుగా తిరిగే కప్పు ఉంటుంది కనుక, దాన్ని పట్టి తిప్పితే కప్పే తిరుగుతుంది గాని లోపలి నట్టు కదలదు. కొనేవారు అన్నిటికన్నా ముందు చూడవలసింది ఇదేనని నా అభిప్రాయం. సైకిల్‌ను తలకిందులు చేస్తే తప్ప తెరుచుకోని రకాలు కూడా ఉన్నాయి. వాటికి చెవి అక్కరలేదు, కాని ఫ్రేమును కదలని స్తంభానికి కట్టకపోతే అవి ఉన్నా లేనట్టే.

బిగింపులో జాగ్రత్త అవసరం. కడ్డీకి రెండు వైపులా శంకువు ఆకారపు స్ప్రింగులు వస్తాయి. వాటి సన్నని కొస హబ్ వైపే ఉండాలి, తిరగేస్తే చక్రం గాడిలో సరిగా కూర్చోదు. మీట ఉన్నదానిలో లోపలి కామ్ (మీట మూసేటప్పుడు నొక్కి పట్టే భాగం) బిగువు చేతికి తెలుస్తుంది. ఇందులో మరచుట్ల బిగింపే ఆధారం కనుక, డిస్క్ బ్రేకు ఉన్నవారు మరింత గట్టిగా బిగించి, కొన్నాళ్లకు మళ్లీ సరిచూసుకోవాలి. మరలకు కాస్త గ్రీజు రాశాను కనుక వానాకాలంలోనూ తుప్పు పట్టలేదు. తల గుంటలో మాత్రం ఎర్రమట్టి చేరి చెవి సగమే దిగేది. పాత టూత్‌బ్రష్‌తో దులిపితే సరిపోయింది.

కొనే ముందు కొలతలు చూసుకోండి. ముందు హబ్ వెడల్పు సాధారణంగా 100 మిల్లీమీటర్లు, వెనుకది ఎం.టి.బి.లకు (మౌంటెన్ బైకులకు) 135, పాత రోడ్డు సైకిళ్లకు 130. స్క్యూవర్ బదులు 12 లేదా 15 మిల్లీమీటర్ల లావు ఇరుసు (త్రూ యాక్సిల్) ఉన్న సైకిళ్లకు ఇవి పనికిరావు. గట్టి ఇరుసుకు నట్లు బిగించే మామూలు సైకిళ్లకూ ఇవి దూరవు.

మన వైపు సర్కారు తుమ్మ ముళ్ల బెడద తెలిసిందే. పంచరుకు చక్రం విప్పకుండానే ట్యూబు బయటికి లాగి ప్యాచ్ వేస్తారు కనుక చెవి లేకున్నా పని జరుగుతుంది. ట్యూబే మార్చవలసివస్తే మాత్రం చెవి లేనిదే చక్రం ఊడదు, ఆ చెవి పంచరు దుకాణంలో దొరకదు. అందుకే ఒకటి ఇంటి తాళాల గుత్తికి, రెండోది ఇంట్లో ఉండాలి. నా జతతో ఒకే చెవి ఇచ్చారు. అదనపు చెవి కావాలని అమ్మినవారికి రాస్తే జవాబు రాలేదు. సీటు పోస్టు బిగింపు కూడా మీటతోనే ఉన్నవారు, రెండు చెవులు ఇచ్చే మూడు ముక్కల సెట్టే కొనడం మేలు.