చిగుళ్ల చార్టింగ్ సాఫ్ట్‌వేర్: అంతా బాగానే ఉంది గానీ, ఆ ఖాళీ గడి...

సాఫ్ట్‌వేర్ పేరు చెప్పను. చాలా ఏళ్లుగా వాడుతున్నాను, ఈ తిట్లన్నీ రాశాక రేపు క్లినిక్‌కి వెళ్లి మళ్లీ దాన్నే తెరుస్తాను. అపాయింట్‌మెంట్లు, బిల్లులు, రంగురంగుల పళ్ల బొమ్మల గురించి రాయను, అవి ఏ సాఫ్ట్‌వేర్‌లో అయినా కాస్త అటూ ఇటూగా ఒకటే. నా గొడవంతా పీరియో చార్టు (చిగుళ్ల కొలతలు రాసే పట్టిక) పేజీతో, అందులోనూ ఒకే ఒక్క గుణంతో. మనం కొలవకుండా వదిలేసిన గడిని ఇది సున్నా అనుకుంటుంది.

ముందు మంచి చెప్పేస్తాను. ఒక్కో పంటికి ఆరు చోట్ల కొలవాలి, అంటే జ్ఞానదంతాలు వదిలేసినా 28 పళ్లకు 168 పాకెట్ అంకెలు (పాకెట్ అంటే పంటికీ చిగురుకీ మధ్య సందు లోతు, మి.మీ.లలో). నేను ప్రోబ్ (ఆ లోతు కొలిచే సన్నటి పుల్ల) పట్టుకుని "మూడు రెండు మూడు, మూడు రెండు నాలుగు" అని చదువుతుంటే అసిస్టెంట్ కొట్టుకుంటూ పోతుంది, కర్సర్ తనంతట తానే పక్క గడికి జరుగుతుంది. పై దవడ కుడి చివర మొదలై బుగ్గ వైపు నుంచి ఎడమ చివరికి, అక్కడి నుంచి అంగిలి వైపు తిరిగి వెనక్కి. లేని పన్ను ముందే మార్క్ చేసి ఉంటే దాన్ని దాటేస్తుంది. కాగితం చార్టులో తప్పిపోయిన వరస వెతుక్కునే బాధ పోయింది. అసిస్టెంట్ సెలవు పెట్టిన రోజు ఫుట్ పెడల్‌తో ఒక్కరే లాగించేయొచ్చు. (వాయిస్ ఎంట్రీ కూడా ఉంది, సక్షన్ ఆన్ చేసిన క్షణం నుంచి దానికి ఏమీ వినపడదు, దాని గురించి ఇంతే.) కొత్తల్లో ఈ వేగం చూసి తోటి డాక్టర్లకి నేనే గట్టిగా రికమెండ్ చేశాను.

ఇక అసలు సంగతి. పాకెట్‌ని చిగురు అంచు నుంచి కొలుస్తాం, కానీ ఆ అంచు ఒక చోట ఉండదు. వాస్తే పంటి మీదికి ఎక్కుతుంది, అరిగితే వేరు వైపు జారుతుంది. కదలకుండా ఉండేది ఎనామెల్ అయిపోయి వేరు మొదలయ్యే గీత, సీఈజే. అందుకే అంచు ఆ గీతకి ఎంత దూరంలో ఉందో కూడా రాస్తాం. పాకెట్ 3 మి.మీ., చిగురు జారింది 4 మి.మీ. అయితే అటాచ్‌మెంట్ లాస్, అంటే ఆ గీత నుంచి కిందికి చిగురు పంటిని వదిలేసిన లోతు, 7. పాకెట్ 6 ఉన్నా చిగురు గీత దాటి 4 మి.మీ. మీదికి ఎక్కి ఉంటే లాస్ 2 మాత్రమే. 2018లో వచ్చిన చిగుళ్ల జబ్బు వర్గీకరణ ప్రకారం పళ్ల మధ్య లాస్ 1-2 ఉంటే స్టేజ్ 1; 3-4 ఉంటే స్టేజ్ 2; 5 నుంచి స్టేజ్ 3 లేదా 4. కాబట్టి ఆ అంచు వరసలో ఏముంది అన్నదాని మీద పేషెంట్‌కి పెట్టే పేరే మారిపోతుంది.

నాకొక పేషెంట్ ఉన్నారు, బీపీకి ఆమ్లోడిపిన్ చాలా కాలంగా వేసుకుంటున్నారు. ఆ మందుతో కొందరికి చిగుళ్లు ఉబ్బుతాయి, పాచి పేరుకున్న నోట్లో ఇంకా ఎక్కువ. ఈయనకి ముందు పళ్ల మధ్య చిగుళ్లు బాగా ఉబ్బి, పళ్ల మీదికి ఎక్కి కూర్చున్నాయి. ప్రోబ్ పెడితే 5, 6, ఒకటి రెండు చోట్ల 7. సీఈజే ఎక్కడుందో తెలియనివ్వనంత గార. అలాంటప్పుడు అంచు కొలత ఊహించి వేయడం కంటే వదిలేయడమే పద్ధతి, స్కేలింగ్ అయ్యి వాపు తగ్గాక వేయొచ్చు. ఆ వరస ఖాళీగా వదిలాను, ఎందుకు వదిలానో నోట్స్‌లో రాశాను. స్క్రీన్ మీద కూడా ఖాళీగానే కనిపించింది, అందులో అనుమానపడడానికి ఏమీ లేదు.

పీరియోడాంటిస్ట్‌కి (చిగుళ్ల స్పెషలిస్ట్‌కి) రిఫర్ చేస్తూ చార్టు పీడీఎఫ్ పంపాను, పేషెంట్‌కీ ఒక కాపీ వెళ్లింది. సాయంత్రం పేషెంట్ దగ్గర నుంచి ఫోన్. "డాక్టర్ గారూ, ఇందులో స్టేజ్ 3 అని ఉందండీ, క్యాన్సర్‌కి చెప్తారే, అలాంటిదా? పళ్లన్నీ తీసేయాలా?" నేను స్టేజ్ అనే మాటే ఎక్కడా రాయలేదు. కంగారు పడకండి, చూసి చెప్తానని పెట్టేశాను గానీ, చూడబోయేది ఏమిటో నాకూ తెలియదు. ఇంతలో పీరియోడాంటిస్ట్ గారి ఫోన్. "ఎక్స్‌రేలో ఎముక ఉండాల్సిన చోటే దాదాపుగా ఉంది కదండీ, చార్టులో లాస్ 7 అని ఉంది. ఈ రెండూ ఒకే మనిషివేనా?"

స్క్రీన్ తెరిస్తే ఆ వరస ఇంకా ఖాళీగానే ఉంది. ప్రింట్ ప్రివ్యూ నొక్కాను. వరసంతా సున్నాలు. చక్కగా, వరుసగా, నేనే ఒక్కొక్కటీ కొలిచి వేసినట్టు. సున్నా అంటే చిగురు అంచు సరిగ్గా సీఈజే మీద ఉందని అర్థం, అది కూడా ఒక కొలతే. దాంతో కింద లాస్ 5, 6, 7 అని లెక్క వేసుకుంది, ఆ లెక్క చూసి పైన స్టేజ్ 3 అని బోల్డ్‌లో పెట్టుకుంది. నేను రాసిన నోట్ మాత్రం పీడీఎఫ్‌లోకి రాలేదు, నోట్స్ వేరే పేజీ అట, దాన్ని విడిగా టిక్ పెట్టి ప్రింట్ చేయాలట.

సపోర్ట్‌కి మెయిల్ రాస్తే వచ్చిన జవాబు సారాంశం ఏమిటంటే, అంచు విలువ లేకపోతే లెక్క కోసం సున్నా తీసుకుంటాం, అది అలా చేయాలనే చేశాం అని. లెక్క ఆగిపోకూడదనట. నాకు మండింది అక్కడే. తెలియనప్పుడు లెక్క ఆగిపోవాలి. డాక్టర్ కొలవనిది డాక్టర్ కొలిచినట్టు డాక్టర్ పేరుతో బయటికి వెళ్లడం మామూలు బగ్ కింద తీసుకోలేను.

ఈయన కథలో రెండో భాగం ఇంకా తమాషాగా ఉంటుంది. ఫిజీషియన్ మందు మార్చారు, స్కేలింగ్ అయింది, ఆయన కూడా శ్రద్ధగా బ్రష్ చేశారు, చిగుళ్లు దిగాయి. ఇప్పుడు సీఈజే దొరుకుతోంది, అన్నీ కొలిచాను. మొదట 6 ఉన్న చోట ఇప్పుడు పాకెట్ 3, అంచు గీతకి 1 మి.మీ. మీద, అంటే లాస్ 2. పాత చార్టుతో పోల్చి చూపించే పేజీ తెరిస్తే అక్కడ ఆకుపచ్చ బాణం, 4 మి.మీ. అటాచ్‌మెంట్ తిరిగి వచ్చిందని! పాత ఖాళీ గడిని సున్నా చేసి, లాస్ 6 అనుకుని, 6 నుంచి 2కి వచ్చామని సంబరం. నిజానికి వాపు తగ్గింది, అంతే. సర్జరీలతో కూడా అంత తేలిగ్గా రానిది స్కేలింగ్‌తో వచ్చేసిందని కాగితం చెప్తోంది. పేషెంట్ ముఖం వెలిగిపోతుంటే, ఆ సంతోషంలో ఏది నిజమో ఏది కాదో విడదీసి చెప్పాల్సిన పని నా మీద పడింది.

దీనికి తలకిందులుగా జరిగేది నాకు ఎక్కువ టెన్షన్. ఎవరికైనా పాకెట్ ఎప్పుడూ 3 ఉంటూ, చిగురు మాత్రం నెమ్మదిగా 1 నుంచి 3కి జారిందనుకోండి, లాస్ 4 నుంచి 6కి పోయినట్టు. అంచు వరస నింపకపోతే ఈ సాఫ్ట్‌వేర్‌లో రెండు చార్టులూ అచ్చం ఒకేలా ఉంటాయి, మార్పు లేదు అని బూడిద రంగు. స్టేజ్ 3 అని పడితే ఎవరో ఒకరు ఫోన్ చేస్తారు, మార్పు లేదంటే ఎవరు చేస్తారు?

బ్లీడింగ్ శాతం దగ్గర కూడా ఇదే రోగం. సగం నోరే చూశామనుకోండి, 14 పళ్లు, 84 చోట్లు, వాటిలో 30 చోట్ల రక్తం. నా లెక్కలో 36 శాతం దగ్గర. ఇది మాత్రం చూడని సగం కూడా రక్తం రాని చోట్ల కింద కలిపేసి, 168తో భాగించి 18 శాతం అంటుంది. చిగుళ్ల వాపు 30 శాతం దాటితే నోరంతా అనీ, 10 నుంచి 30 వరకు కొన్ని చోట్లే అనీ రాస్తాం కాబట్టి ఇక్కడ కూడా పేరే మారిపోతోంది.

తర్వాత వచ్చిన అప్‌డేట్‌లో 'కొలవలేదు' అనే గుర్తు ఇచ్చారు. అది పెడితే ప్రింట్‌లో సున్నాకి బదులు చిన్న గీత వస్తుంది. సంతోషం. కానీ అంచు వరసకి మాత్రమే, పోల్చే పేజీలో ఇప్పటికీ సున్నానే. పైగా గుర్తు ఒక్కో గడికీ విడిగా పెట్టాలి, వరసంతటికీ ఒకేసారి కుదరదు.

ఇప్పుడు నేను చేసేది ఇదీ. స్టేజ్ సూచన ఆఫ్ చేసేశాను. కర్సర్ దారి మార్చి, ప్రతి మూడు పాకెట్ అంకెల తర్వాత మూడు అంచు అంకెలు అడిగేలా పెట్టుకున్నాను. దాంతో పైన పొగిడిన వేగం దాదాపు సగానికి పడిపోయింది, ఇంతకుముందు అంత వేగంగా ఉండడానికి ఒక కారణం డిఫాల్ట్ దారిలో అంచు వరస అసలు లేకపోవడమే. చిగురు మీదికి ఎక్కితే ఇందులో మైనస్ కొట్టాలి, కొన్ని చార్టుల్లో చిగురు జారినప్పుడు మైనస్, కాబట్టి వేరే చోట పనిచేసి వచ్చిన అసిస్టెంట్‌కి మొదట్లో ఇది ఒకటికి రెండుసార్లు చెప్పాలి. రిఫరల్ లెటర్ నేనే టైప్ చేస్తాను, చార్టు వెనక జత చేస్తాను.

కొనొచ్చా అంటే, నాది ఒకే కుర్చీ క్లినిక్, వచ్చేవాళ్లలో ఎక్కువమంది పాకెట్లు 1, 2, 3 దాటనివాళ్లు, వాళ్లకి ఇది హాయిగా సరిపోతుంది. రోజూ చిగుళ్ల సర్జరీలు చేసేవాళ్లకి, చార్టులు ఒకరు రాసి ఇంకొకరు చదివే పెద్ద క్లినిక్‌లకి నేనైతే చెప్పను. నేను మారకపోవడానికి కారణం ఇష్టం కూడా కాదు. పాత చార్టులు బయటికి తీస్తే పీడీఎఫ్‌లే వస్తాయి, అంకెలు రావు, ఇన్నేళ్ల రికార్డు వదిలేసి వెళ్లలేను. ఇంకా ఏదీ కొనని వాళ్లు మాత్రం డెమో రోజున సేల్స్ వాళ్లు చూపించేది చూస్తూ కూర్చోకండి. ఒక డమ్మీ పేషెంట్‌ని తెరిచి, ఒక పంటికి పాకెట్ 6 వేసి, అంచు గడి ముట్టుకోకుండా, వాళ్ల ముందే ప్రింట్ తీయమనండి.