రామకోటి పుస్తకం కొనబోతున్నారా? పల్చటిది అడిగి తీసుకోండి

రామకోటి పుస్తకానికి కూడా రివ్యూనా అంటారేమో. మిక్సీ కొనాలంటే నలుగురిని అడుగుతాం, ఫోన్ కొనాలంటే వారం రోజులు వీడియోలు చూస్తాం, ఏళ్ళ తరబడి రోజూ చేత్తో పట్టుకోవాల్సిన ఈ పుస్తకాన్ని మాత్రం గుడి ముందు కొట్టతను ఏదిస్తే అది తెచ్చేసుకుంటాం. అందుకే చాలా ఇళ్ళల్లో పూజ గది పై అరలో, పది పదిహేను పేజీలు నిండిన లావుపాటి పుస్తకం ఒకటి పసుపు కుంకాలు అంటుకుని అలా ఉండిపోతుంది. రాసినవాళ్ళకి భక్తి లేక కాదు, పట్టుదల లేకా కాదు. ఆ పుస్తకం రోజువారీ పనికి వీలుగా లేదు, అంతే. ఏ చిన్న పనినైనా రోజూ చేసే అలవాటుగా మార్చుకోవాలంటే ముందు చేతిలో వస్తువు సరిగ్గా ఉండాలని నేను గట్టిగా నమ్ముతాను.

నేను వాడేది రాజమండ్రి మెయిన్ రోడ్డులో పూజా సామాన్ల కొట్లో కొన్నది. పిల్లల నోటుబుక్కు సైజు, మధ్యలో రెండు పిన్నులు కొట్టింది, అట్ట మీద పట్టాభిషేకం బొమ్మ. మొదటి పేజీలో పేరు, గోత్రం, మొదలుపెట్టిన తేదీ రాసుకోవడానికి గీతలున్నాయి, దాని వెనక నియమాలు. అక్కణ్ణుంచి అన్నీ గళ్ళ పేజీలే, 64 పేజీలు. అడ్డంగా తొమ్మిది, నిలువుగా పన్నెండు, మొత్తం పేజీకి 108. శ్రీరామ అని కుక్కకుండా రాయడానికి గడిలో చోటు సరిపోతుంది. రోజుకో పేజీ అనుకుంటే ఏడెనిమిది నిమిషాల పని.

కొట్టాయన ముందు తీసింది ఇది కాదు. "ఆయ్, పెద్దది పట్టుకెళ్ళండమ్మా, మాటిమాటికీ కొనక్కర్లేదు, ఒక్కదాంట్లో అయిపోద్ది" అని బైండు పుస్తకం చేతిలో పెట్టాడు. చూడ్డానికి దర్జాగానే ఉంది. బల్ల మీద పెట్టి తెరిస్తే మాత్రం దానంతటది మూసుకుపోతోంది, ఎడమచేత్తో గట్టిగా నొక్కి పట్టుకుంటే గానీ రాయడానికి కుదరదు, గళ్ళేమో మరీ చిన్నవి, శ్రీ రాసేసరికే చోటు అయిపోతోంది. పైగా ఒక పేజీ నింపాలంటే ఎంతసేపు కూర్చోవాలో తెలీదు. పల్చటిదే ఇవ్వండి బాబూ అంటే అప్పుడు లోపల్నుంచి దుమ్ము దులిపి తెచ్చాడు. ఎక్కువమంది లావుదే అడుగుతారట.

ఇప్పుడు లెక్క చూడండి. రోజుకి 108 చొప్పున రాస్తే లక్ష నామాలకి 926 రోజులు, అంటే రెండున్నరేళ్ళు, ఇలాంటి పుస్తకాలు ఓ పదిహేను. అదే లెక్కన కోటి కావాలంటే 250 ఏళ్ళు దాటిపోతుంది. రోజుకి వెయ్యి రాసేవాళ్ళకైనా 10,000 రోజులు, 27 ఏళ్ళ పైమాటే. భయపెట్టడానికి చెప్పట్లేదు. అన్నేళ్ళూ కూర్చుని రాసి, ఆ పుస్తకాలు భద్రాచలం పట్టుకెళ్ళి స్వామికి సమర్పించుకున్నవాళ్ళున్నారు, కొన్ని ఊళ్ళల్లో వాటికోసం స్తూపాలే కట్టించారు. వాళ్ళు రోజూ కోటి వంక చూస్తూ కూర్చున్నారని నేననుకోను. కోటి వంక చూస్తే పెన్ను కదలదు. ఇవాళ్టి పేజీ నిండిందా లేదా, అదొక్కటే చూసుకుని ఉంటారు. పల్చటి పుస్తకం చూపించేది కూడా ఇవాళ్టి పేజీనే. రెండు నెలలు దాటేసరికి ఒక పుస్తకం అయిపోతుంది, దానికి బొట్టు పెట్టి పక్కన పెట్టి కొత్తది తెరుస్తాం. ఆ తృప్తి లావు పుస్తకంలో రెండేళ్ళకి గానీ రాదు, అంతవరకూ మిగిలిన కాగితాల మందమే కనిపిస్తూ ఉంటుంది.

ఈ పుస్తకంలో నాకు అన్నిటికన్నా నచ్చింది వరుసకి తొమ్మిదే గళ్ళుండటం. కష్టమంతా కూర్చోవడంలోనే ఉంది, ఒకసారి కూర్చుని మొదటి వరుస పూర్తయిందంటే చేతికి ఊపు వచ్చేస్తుంది, రెండో వరుస, మూడో వరుస మనం ప్రత్యేకంగా అనుకోకుండానే అయిపోతాయి. అందుకని నేను పెట్టుకున్న నియమం పేజీ కాదు, వరుస. ఒంట్లో నలతగా ఉన్నా, ఇంటినిండా చుట్టాలున్నా, కరెంటు పోయి ఉక్కపోస్తున్నా తొమ్మిది నామాలు రాసి లేచిపోవచ్చు, తప్పేం లేదు. చాలాసార్లు లేవబుద్ధి కాక పేజీ అయ్యాకే లేస్తాను. లేచిన రోజులూ ఉన్నాయి, ఆ పేజీలో మిగిలిన గళ్ళు మర్నాడు నిండుతాయి.

ఇంకో సంగతి, పుస్తకం ఎక్కడ పెడుతున్నామన్నది. బీరువాలో పెడితే రాయరు, ఖాయం. దీపం పెట్టే పీట పక్కనే, పెన్ను అట్టకి గుచ్చి ఉండాలి. దీపం వెలిగించాను, అగ్గిపెట్టె పక్కన పెట్టాను, చెయ్యి పుస్తకం మీదకి వెళ్ళింది, ఇంత దగ్గరగా ఉండాలి. ఉదయం ఆరింటికి అని గడియారం చూసుకుని మొదలుపెట్టేవాళ్ళ కన్నా, ఫలానా పని అయ్యాక అని ముడిపెట్టుకున్నవాళ్ళే నిలబడటం మా చుట్టుపక్కల చూశాను. మా ఇంట్లో పాలు వచ్చే టైము మారుతుంది, నీళ్ళొచ్చే టైము మారుతుంది, దీపం పెట్టడం మాత్రం మారదు.

21 రోజులు చేస్తే ఏదైనా అలవాటైపోతుందని అందరూ అంటుంటారు కదా. ఆ మాటకి మూలం మాక్స్‌వెల్ మాల్ట్జ్ అనే అమెరికా ప్లాస్టిక్ సర్జన్ 1960లో రాసిన సంగతి. ఆపరేషన్ చేయించుకున్నవాళ్ళకి తమ కొత్త ముఖం అలవాటవడానికి కనీసం 21 రోజులు పడుతోందని ఆయన గమనించాడు, దాన్ని జనం అన్ని అలవాట్లకీ అంటగట్టేశారు. నిజంగా రోజువారీ అలవాట్ల మీద లండన్ యూనివర్సిటీ కాలేజీలో ఫిలిప్పా లాలీ, ఆమెతోటివాళ్ళు 96 మందిని 12 వారాలపాటు గమనించారు, 2010లో అచ్చయింది. టిఫిన్ అయ్యాక గ్లాసుడు నీళ్ళు తాగడం లాంటి చిన్న పని ఒకటి ఎంచుకుని రోజూ అదే సందర్భంలో చెయ్యాలి. అది ఆలోచించకుండా జరిగిపోయే స్థితికి రావడానికి మధ్యస్థంగా 66 రోజులు తేలింది, కొందరికి 18 రోజులే, కొందరికి 254 దాకా పట్టొచ్చని లెక్కగట్టారు, గమనించింది 12 వారాలే కదా. నీళ్ళు తాగడం లాంటివి త్వరగా కుదురుకున్నాయి, వ్యాయామం లాంటివి ఆలస్యంగా. 64 పేజీల పుస్తకం మొదటిది అయ్యేసరికి మనమూ ఇంచుమించు అక్కడికే వస్తాం, కాబట్టి మూడు వారాలకే "నాకింకా అలవాటు కాలేదు" అని దిగులుపడి మానేయకండి.

అదే పరిశోధనలో ఇంకో మంచి మాట ఉంది. మధ్యలో ఒక రోజు తప్పితే అప్పటిదాకా అలవడినదానికి చెప్పుకోదగ్గ నష్టమేమీ రాలేదు. ఇది చదివినప్పుడు నాకు మా దొడ్డమ్మ గుర్తొచ్చింది. వాళ్ళది పి.గన్నవరం వైపు లంక. 2022 జులైలో భద్రాచలం దగ్గర గోదావరి 71.3 అడుగులకి వచ్చింది చూడండి, అప్పుడు ఇల్లు ఖాళీ చేసి పడవలో ఏటిగట్టు మీదకి వచ్చేశారు. పట్టాదారు పాసుపుస్తకం, ఆధార్ కార్డులు, రామకోటి పుస్తకం, మూడూ ఒకే ప్లాస్టిక్ కవర్లో చుట్టి జాకెట్టు గుడ్డతో కట్టి తెచ్చుకుంది. అక్కడ రాయడం కుదరలేదు. ఇంటికెళ్ళి బురద కడుక్కుని, గోడలు ఆరాక, తర్వాతి ఖాళీ గడి దగ్గర మొదలుపెట్టింది. తప్పిన రోజులవి కలిపి రాయలేదు. ఎందుకు రాయలేదు దొడ్డమ్మా అని అడిగితే, "అప్పు తీర్చినట్టు రాస్తే రెండ్రోజుల్లో విసుగొచ్చేస్తదే, ఇయ్యాల్టిది ఇయ్యాల రాసుకుంటే చాలు" అంది. ఇప్పటికీ రాస్తూనే ఉంది.

ఈ విషయంలోనే నాకు పుస్తకం వేసినవాళ్ళ మీద కోపం. నియమాల పేజీలో మధ్యలో ఆపితే దోషమని ఒక వాక్యం వేశారు. రాసేటప్పుడు మాట్లాడొద్దు, పెన్ను వేరేగా ఉంచుకోండి, ఇవన్నీ పెద్దవాళ్ళు చెప్పినవే, మంచివే, మనసు కుదురుకోవడానికి పనికొస్తాయి. దోషమన్న మాట మాత్రం ఒక రోజు తప్పినవాళ్ళని మళ్ళీ పుస్తకం ముట్టుకోకుండా చేస్తుంది. జ్వరమొస్తుంది, పురుళ్ళొస్తాయి, మైలలొస్తాయి, వరదలొస్తాయి. మళ్ళీ మొదలుపెట్టండి అని ఒక్క ముక్క వేసుంటే ఎంతమంది కొనసాగించేవారో.

మిగతా లోపాలు త్వరగా చెప్పేస్తాను. కాగితం పల్చన, జెల్ పెన్నుతో రాస్తే వెనక పేజీలో కనిపిస్తుంది, శ్రావణ భాద్రపదాల్లో గాలిలో తేమకి ఇంకు పాకిపోతుంది కూడా. మామూలు బాల్ పెన్ను వాడండి, ఆకుపచ్చ కావాలంటే అందులోనూ దొరుకుతుంది. పిన్నులు తుప్పు పడతాయి. నిండిన పుస్తకాల్లో మధ్య రెండు పేజీల మీద గోధుమరంగు మరక దిగింది, సముద్రం దగ్గరగా సఖినేటిపల్లి, అంతర్వేది వైపు ఉండేవాళ్ళకి ఇంకా త్వరగా వస్తుంది, అలాంటివాళ్ళు దారంతో కుట్టినది దొరికితే అది తీసుకోండి. నిండినవాటిని స్టీలు డబ్బాలో ఎండిన వేపాకు వేసి పెడుతున్నాను, చెదలు పట్టలేదు. చుక్కల అక్షరాలు ముందే అచ్చేసి, మనం మీద దిద్దుకునే రకం కూడా ఉంది, చెయ్యి వణికే పెద్దవాళ్ళకి అది బాగుంటుంది, మిగతావాళ్ళకి నేను చెప్పను, దిద్దుతుంటే ధ్యాస ఎటో పోతుంది.

మావయ్యగారి సంగతి చెప్పి తీరాలి. ఆయనకి బీపీ మాత్ర రోజూ వేసుకోవాలి, రోజూ మేము గుర్తు చెయ్యాలి, గుర్తు చేస్తే ఆయనకి చిరాకు. నన్ను చూసి ఆయన కూడా ఒక పుస్తకం తెప్పించుకున్నారు. అందులో ఆరోజు రాయాల్సిన పేజీ దగ్గర మాత్రల షీటు పెట్టుకోవడం ఆయనే మొదలుపెట్టారు. పుస్తకం తెరిస్తే షీటు చేతికొస్తుంది, మాత్ర వేసుకుని, పేజీ రాసి, షీటు తర్వాతి పేజీకి జరుపుతారు. మేము అడగడం మానేశాం. రామకోటి కుదురుకున్నాక దాన్ని పట్టుకుని ఇంకో పని దానంతటదే ఇంట్లోకి వచ్చింది, ఇంతకంటే పెద్ద ఉపయోగం నేను ఈ పుస్తకం నుంచి ఆశించలేదు.

ఫోన్లో అలవాట్ల యాప్‌లు ఉన్నాయి కదా అంటారు, వాడి చూశాను. నేను వాడినదాంట్లో ఒక రోజు తప్పగానే అంకె సున్నాకి పడిపోయేది, చూస్తే నీరసం వచ్చేది. టిక్కు పెడదామని ఫోన్ తీస్తే వాట్సాప్ పిలుస్తుంది. పుస్తకంలో నిన్న నిండిన గడి ఇవాళ ఖాళీ అవ్వదు. దేవుడి నామం రాసే ఉద్దేశం లేనివాళ్ళు లెక్కల గళ్ళ నోటుబుక్కు కొనుక్కోండి, పని అదే చేస్తుంది. మా పక్కింటమ్మాయి డీఎస్సీకి చదువుతోంది, చేసిన ఒక్కో బిట్టుకి ఒక్కో గడి నింపుకుంటూ పోతోంది, రోజుకి కనీసం ఒక వరుస.

ఎక్కడ దొరుకుతుందంటే రాజమండ్రి, అమలాపురం, పాలకొల్లు, ఏ ఊళ్ళోనైనా పూజా సామాన్ల కొట్లలో అడగండి, గొల్లల మామిడాడ, భద్రాచలం వెళ్ళినప్పుడు గుడి దగ్గర కొట్లలోనూ చూడండి. శ్రీరామనవమి ముందు రకాలు ఎక్కువ వస్తాయి. కొనే ముందు మూడు పనులు చెయ్యండి: బల్ల మీద తెరిచి చెయ్యి తీసేసి చూడండి మూసుకోకుండా ఉంటుందో లేదో, కొట్టాయన పెన్నుతో చివరి పేజీలో ఒక గడి రాసి వెనక్కి తిప్పి చూడండి, పేజీకి ఎన్ని గళ్ళో లెక్కపెట్టండి. 108కి మించి ఉంటే వద్దు.

ఐదుకి నాలుగు ఇస్తున్నాను. ఒకటి తగ్గించింది ఆ దోషం వాక్యానికి, పేజీ అడుగున తేదీ వేసుకోవడానికి చోటు లేనందుకు. ప్రతి పేజీ కింద సన్నటి గీత ఒకటి కొట్టి "తేది" అని అచ్చేస్తే పైసా ఖర్చు ఉండదు, అచ్చువేసేవాళ్ళు ఎవరైనా చదువుతుంటే దయచేసి వచ్చే ముద్రణలో వెయ్యండి.